పన్నెండడుగుల పంతం

"ఆరడుగులది చేసుకుంటే ఎవరు కాదన్నార్రా? పన్నెండడుగులెందుకు?"

"ఆరడుగులదైతే బొమ్మ అంటారత్తా. పన్నెండడుగులదైతే పక్కన నిలబడ్డవాడు తలెత్తి చూస్తాడు. అంతే తేడా."

అంతే తేడా కాదని నిరూపించడానికి మేనత్త ఆ సాయంత్రమంతా సుద్దముక్క పట్టుకునే ఉంది. ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైంది. మేనల్లుడికి విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డుంది. పొక్లెయిన్లు, జేసీబీల హైడ్రాలిక్ సిలిండర్లకు సీల్ కిట్లు మార్చడం, వంగిన రాడ్లు సరిచెయ్యడం, బూమ్‌ల మీద పగుళ్లకు వెల్డింగ్ కొట్టడం అతని బతుకుతెరువు. కొంతకాలంగా తుక్కులోకి పోవాల్సిన సామానులో కొంత షెడ్డు వెనక విడిగా పోగుపడుతోంది: నాలుగు సిలిండర్లు, ఒక గేర్ పంపు, పాత స్పూల్ వాల్వు బ్లాకు, ఎవరో బాకీ కింద వదిలేసి వెళ్లిన డీజిల్ ఇంజను. అవి అమ్మకానికి కాదనీ, వాటితో మనిషి లోపల కూర్చుని నడిపే రోబో తయారవబోతోందనీ ఇంట్లో తెలిశాక, అతని చేత మాన్పించే పని మేనత్త మీద పడింది.

ఆవిడ షెడ్డు నేల మీద రెండు మనిషి బొమ్మలు గీసింది. ఒకటి రెండోదానికి సరిగ్గా రెట్టింపు.

"ఎత్తు రెండింతలు. బరువెంత?"

"ఎనిమిదింతలు. ఆ మాత్రం చదువుకున్నాలే."

"కాలి మధ్యచ్ఛేద వైశాల్యం?"

"నాలుగింతలు."

"అంటే కాలులో ప్రతి చదరపు సెంటీమీటరూ రెట్టింపు బరువు మొయ్యాలి. బాగుంది. మరి మోకాలు తిప్పడానికి కావలసిన టార్కు?"

అతను కాసేపు ఆగి వేళ్లు ముడిచాడు. బరువు ఎనిమిదింతలు, తొడ పొడవు రెండింతలు. మొత్తం పదహారింతలు.

"ఈ లెక్క నాది కాదురా, గెలీలియోది. 1638లో అచ్చేసిన పుస్తకంలో చిన్న జంతువు ఎముకా పెద్ద జంతువు ఎముకా పక్కపక్కన గీసి చూపించాడు. పొడవు పెంచితే సరిపోదు, లావు అంతకు ఎన్నో రెట్లు పెంచాలి. నీ పన్నెండడుగులది మనిషిలా కనబడాలంటే మనిషి కాళ్లు పెట్టకూడదు, ఏనుగు కాళ్లు పెట్టాలి."

"అది ఎముకత్తా, ఇది ఇనుము. పైగా నేను మోటార్లు పెట్టట్లేదు, హైడ్రాలిక్స్. 63 మిల్లీమీటర్ల బోరున్న సిలిండర్‌కి 150 బార్ ప్రెషరిస్తే నాలుగుముప్పావు టన్నులు తోస్తుంది. చూడబోతే నా జబ్బంత లావుండదు. రోజూ నా చేతుల మీద నడిచే పనే. బలానికి లోటేముంది?"

ఇక్కడ మేనల్లుడి మాటే నిజం. పెద్ద రోబోలు కట్టినవాళ్లలో చాలామంది ఎలక్ట్రిక్ మోటార్లు వదిలేసి పొక్లెయిన్ దారి పట్టడానికి కారణం ఇదే. చిన్న జాగాలో అంత బలం ఇచ్చే సాధనం సామాన్యుడి చేతికి అందేది ఇంకొకటి లేదు. అయితే టీచరుగారు ఇంకో ప్రశ్న దాచి ఉంచింది.

"తోస్తుంది సరే. ఎంతసేపట్లో?"

మనిషి అడుగు వేసేటప్పుడు మోకాలు మడిచి చాచడానికి అర సెకను చాలు. ఆ 63 మిల్లీమీటర్ల సిలిండరు అర సెకనులో 20 సెంటీమీటర్లు బయటికి రావాలంటే దాని లోపలికి దాదాపు 620 మిల్లీలీటర్ల ఆయిల్ వెళ్లాలి. అంటే పంపు నిమిషానికి 75 లీటర్లు ఇవ్వాలి. 150 బార్ మీద 75 లీటర్లంటే పూర్తి లోడులో 25 హార్స్‌పవర్. ఒక్క సిలిండర్‌కి! రెండు కాళ్లకీ తుంటి, మోకాలు, చీలమండ అని లెక్కేస్తే ట్రాక్టర్ ఇంజన్లు మూడు నాలుగు కావాలి. అదే కదలిక నాలుగు సెకన్లలో జరిగితే చాలనుకుంటే 3 హార్స్‌పవర్‌తో తెమిలిపోతుంది. హైడ్రాలిక్స్‌లో బలం చవక, వేగం ఖరీదు. సినిమాల్లో రోబోలు భవనాల మీంచి దూకుతాయి. ఇంట్లో కట్టినవి నిద్రమత్తులో ఉన్నట్టు కదలడానికి కారణం చేసినవాడి చేతగానితనం కాదు, ఈ లెక్కే.

"నా రోబోకి తొందరేం లేదత్తా. నాలుగు సెకన్లు కాదు, ఆరు తీసుకోనీ."

"నెమ్మదిగా నడిస్తే ఇంకో చిక్కుంది. నువ్వు గబగబా నడిచేటప్పుడు ప్రతి అడుగుకీ ముందుకు పడబోతూ కాలు అడ్డేసుకుంటావు. నెమ్మదిగా నడిచేదానికి ఆ వీల్లేదు. ఒంటికాలి మీదున్నంతసేపూ గరిమనాభి ఆ పాదం మీదే ఉండాలి. ఆరు సెకన్లు ఒంటికాలి మీద నిలబడే పన్నెండడుగుల ఇనుముకి పాదం ఎంత ఉండాలో గీసి చూపించు."

అతను గీశాడు. పాదాలు తలుపు రెక్కలంత వచ్చాయి. ఇద్దరూ నవ్వుకున్నారు కానీ వాదన ఆగలేదు.

మేనల్లుడి గురువు జపాన్‌లో ఉన్నాడు. కొగోరో కురతా ఇంజనీరు కాదు, ఇనుముతో కళాకృతులు చేసే కమ్మరి. చిన్ననాటి కార్టూన్‌లోని రోబోను నాలుగు మీటర్ల ఎత్తున ఇనుముతో కట్టాడు ముందు. అది కదలని బొమ్మ. తర్వాత కదిలేదానికి పూనుకుని 2012లో కురతాస్‌ని జనం ముందు పెట్టాడు. ఎత్తు నాలుగు మీటర్లకు కాస్త తక్కువ, బరువు నాలుగు టన్నుల పైన, లోపల మనిషి కూర్చునే చోటు, డీజిల్ ఇంజను. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ రాసింది వతారు యోషిజాకి.

"ఒక కమ్మరి చేశాడు. నేను చెయ్యలేనా?"

"కాళ్లెన్ని దానికి?"

"నాలుగు."

"కాళ్ల చివర?"

మేనల్లుడు నసిగాడు. "...చక్రాలు."

ఆవిడ సుద్దముక్కతో నేల మీద ఒక గీత గీసింది, మార్కులు వేసినట్టు. ఇంకా ఆగలేదు. జపాన్‌లోనే వ్యవసాయ యంత్రాలు చేసే సకకిబరా కికై అనే కంపెనీ 2005లో ల్యాండ్ వాకర్ అని 3.4 మీటర్ల రెండు కాళ్లదాన్ని చేసింది. పేరుకే నడక. పాదాలు నేల మీంచి లేవవు, ఈడ్చుకుంటూ జరుగుతుంది. అమెరికాలో మెగాబాట్స్ వాళ్లు కట్టిన ఈగిల్ ప్రైమ్ 16 అడుగులు, 12 టన్నులు, 430 హార్స్‌పవర్ కారు ఇంజను. అంత ఇంజను పెట్టీ కాళ్లు పెట్టలేదు. అడుగున పొక్లెయిన్‌కి ఉండే చైన్లే.

"అందరూ ఏదో ఒకటి వదులుకున్నార్రా. నువ్వేం వదులుకుంటావో ముందు చెప్పు. ఎత్తా, నడకా, లోపల కూర్చోవడమా?"

పెద్ద రోబోల గురించి అడగవలసిన ప్రశ్న బహుశా ఇదొక్కటే. మూడూ కావాలనుకున్నవాళ్లలో ఒడ్డుకు చేరువగా వచ్చినవాడు కెనడాలో ఉన్నాడు. వాంకూవర్‌కి చెందిన జొనాథన్ టిపెట్ పదేళ్లకు పైగా తంటాలుపడి ప్రోస్థసిస్ అనే నాలుగు కాళ్ల యంత్రం కట్టాడు. ఎత్తు దాదాపు నాలుగు మీటర్లు. బ్యాటరీలతో నడుస్తుంది. అందులో అడుగులు వేయించే కంప్యూటర్ లేదు. మధ్యలో పట్టీలతో వేలాడే మనిషి తన చేతులూ కాళ్లూ కదిపితే యంత్రం కాళ్లు కదులుతాయి. నిజంగానే నడుస్తుంది. కానీ మనిషి రూపం వదులుకుంది, రెండు కాళ్లూ వదులుకుంది. నడపడానికి మనిషి ఒళ్లు హూనమవుతుంది కూడా. 1960ల్లో జనరల్ ఎలక్ట్రిక్‌లో రాల్ఫ్ మోషర్ అమెరికా సైన్యం కోసం ఇదే పద్ధతిలో నాలుగు కాళ్ల ట్రక్కు కట్టినప్పుడు తేలింది కూడా అదే. నాలుగు కాళ్లనీ తలలో పెట్టుకుని నడిపే మనిషి కాసేపటికే అలిసిపోయేవాడు.

"ఎంచక్కా తెనాలి వాళ్లలా విగ్రహం చెయ్యి," అందావిడ. "కాటూరి వెంకటేశ్వరరావు, రవిచంద్ర పాత నట్లూ బోల్టులూ చైన్లతో 14 అడుగుల ప్రధాని విగ్రహం చేస్తే దేశమంతా చూసింది. పడదు, ఆయిల్ కారదు."

"కురతా కూడా ముందు విగ్రహమే చేశాడు. ఆగాడా?"

దానికి ఆవిడ దగ్గర జవాబు లేదు. అందుకే డబ్బు మాట ఎత్తింది.

మెగాబాట్స్ వాళ్ల కథ తెలిసినవాళ్లెవరైనా ఎత్తే మాటే అది. 2015లో వాళ్లు కురతాని పోటీకి పిలిచారు. ఆయన సరేనంటూ, తుపాకులు కాదు, చేతులతో కొట్టుకోవాలన్నాడు. దాని కోసం జనం దగ్గర చందాలుగా అయిదున్నర లక్షల డాలర్లకు పైగా పోగైంది. పోటీ 2017లో జపాన్‌లో, మూతపడ్డ ఉక్కు మిల్లులో జరిగింది. మొదటి విడతలో కురతాస్ దూసుకొచ్చి అమెరికావాళ్ల పాత రోబోని వెల్లకిలా పడేసింది. చివరి విడతలో ఈగిల్ ప్రైమ్ పెద్ద రంపంతో కసి తీర్చుకుంది. నిజం చెప్పాలంటే, అంత ఇనుము అంత తాపీగా కొట్టుకుంటుంటే సినిమా యుద్ధాలు చూసిన కళ్లకు ఆనలేదు. 2019 కల్లా కంపెనీ దగ్గర డబ్బు అయిపోయింది. ఈగిల్ ప్రైమ్‌ని ఈబేలో వేలానికి పెట్టారు.

"చూశావా? అంతంత డబ్బున్నవాళ్లే మునిగారు."

"వాళ్లు దాంతో వ్యాపారం చెయ్యబోయారత్తా. నేను చెయ్యను. నా జీతాలు దాంట్లోంచి రానక్కర్లేదు. నీకు జార్జ్ కథ తెలుసా?"

తెలియదు. అతను కుర్చీ లాక్కుని చెప్పాడు. ఇంగ్లండ్‌లో టోనీ సేల్ అనే కుర్రాడు చిన్నప్పుడు మెకానో సెట్టుతో రోబోలు చెయ్యడం మొదలుపెట్టాడు. తర్వాత వాయుసేనలో చేరాడు. 1950 ప్రాంతంలో, కూలిపోయిన వెల్లింగ్టన్ బాంబర్ విమానం రేకులతో జార్జ్ అనే రోబోని కట్టాడు. అయిన ఖర్చు 15 పౌండ్లు. పత్రికల్లో ఫొటోలు పడ్డాయి. ఆ తర్వాత కంప్యూటర్ బుర్ర తగిలించే రోజులు ఇంకా రాలేదని జార్జ్‌ని గ్యారేజీలో పెట్టేశాడు. అది అక్కడే 45 ఏళ్లుంది. 2010లో బయటికి తీసి బేరింగులకు ఆయిల్ వేసి కొత్త బ్యాటరీలు పెడితే మళ్లీ నడిచింది. మధ్యలో ఆ కుర్రాడు చేసిన పని తక్కువదేం కాదు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల రహస్య సందేశాలు విప్పిన కొలాసస్ కంప్యూటర్‌ని బ్లెచ్లీ పార్క్‌లో తిరిగి నిర్మించింది ఆయనే.

"పదిహేను పౌండ్ల ముచ్చట ఆయన్ని ఎక్కడిదాకా తీసుకెళ్లిందో చూడు."

"బాగుంది. ఎత్తెంత జార్జ్?"

"..."

"చెప్పరా."

"ఆరడుగులు."

రెండో గీత పడింది.

మేనత్త దగ్గర కూడా ఒక కథ ఉంది, చైనాది. బీజింగ్ శివారు పల్లెలో ఊ యూలూ అనే రైతు. బడి చదువు అయిదేళ్లే. 1980ల నుంచీ తుక్కుతో రోబోలు చేస్తున్నాడు. అన్నింటికీ ఇంటిపేరు పెట్టి వరస నంబర్లిస్తాడు. వాటిలో ఒకటి రిక్షా లాగుతుంది, వెనక కూర్చున్నది తన తండ్రి అని కూడా చెబుతుంది. ఈ ధ్యాసలో ఒళ్లు కాల్చుకున్నాడు, అప్పులు చేశాడు, ఒకసారి ఇల్లే తగలబడింది. "పెళ్లాం పిల్లలు ఏం పడ్డారో ఆలోచించు," అందావిడ. 2010 షాంఘై ఎక్స్‌పో సమయంలో అక్కడ పెట్టిన రైతు ఆవిష్కర్తల ప్రదర్శనలో అతని రోబోలు నిలబడ్డాయని మేనల్లుడు గుర్తు చేశాడు. ఆవిడ వినిపించుకోలేదు. కాలిన ఇల్లు ఎక్స్‌పోతో తిరిగి రాదంది. ఈ విషయంలో ఎవరూ ఎవరినీ ఒప్పించలేరు.

ప్రమాదాల దగ్గర మాత్రం తక్కెడ తిరగబడింది. పన్నెండడుగుల స్తంభం నిలువునా ఒరిగితే దాని తల నేలను తాకేసరికి గంటకు 37 కిలోమీటర్ల వేగం అందుకుంటుందని ఆవిడ లెక్క కట్టింది. టన్ను ఇనుము ఆ వేగంతో పడితే కింద ఎవరున్నా మిగలరు. మేనల్లుడు కాదనలేదు. కానీ పడడం కంటే ముందు భయపడవలసినవి ఇంకా ఉన్నాయన్నాడు, వాటి గురించి ఆవిడ ఏ పుస్తకంలోనూ చదవలేదు. హోస్‌పైపుకి సూదిమొనంత చిల్లు పడితే ఆయిల్ కంటికి కనబడనంత సన్నగా చిమ్ముతుంది. ఆ ధారకి చెయ్యి అడ్డం వస్తే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినట్టుంటుంది. గంటల్లో ఆపరేషన్ చెయ్యకపోతే వేలో చెయ్యో తీసెయ్యాల్సి రావచ్చు. అందుకే లీకు వెతకడానికి షెడ్డులో ఎవరూ చెయ్యి పెట్టరు, అట్టముక్క పట్టుకుంటారు. ఇంజను ఆపినా సిలిండర్లలో ప్రెషర్ ఉండిపోతుంది. లివర్లు అటూ ఇటూ ఆడించి దాన్ని వదిలించాకే నట్టు విప్పాలి. ఎత్తిన చెయ్యి కింద దిమ్మె పెట్టకుండా తల దూర్చిన కుర్రాణ్ణి ఆ రోజుకి ఇంటికి పంపేస్తాడట.

"హోస్ పగిలితే నీ రోబో మోకాలు కూలబడదూ?"

"సిలిండర్ మీదే చెక్ వాల్వు బిగిస్తాను. పైపు తెగినా లోపలి ఆయిల్ లోపలే ఉంటుంది, కాలు ఉన్నచోటే ఆగిపోతుంది. క్రేన్లకి ఉండేదే."

ఆవిడ ఆ వాల్వు తెప్పించుకుని చేతిలో తిప్పి చూసింది. ఎక్కడ స్ప్రింగు, ఎక్కడ బాలు, ప్రెషర్ ఎటు నుంచి వస్తే తెరుచుకుంటుంది అని అయిదారు ప్రశ్నలు వేసింది. వాదనకి వచ్చిన మనిషి కాసేపు విద్యార్థి అయింది. మేనల్లుడు ఇదే అదననుకున్నాడు.

"నీది నరసరావుపేట పక్క ఊరేగా. చిన్నప్పుడు కోటప్పకొండ తిరనాళ్లలో ప్రభలు చూడలేదా? శివరాత్రి ఒక్క రాత్రి కోసం ఊళ్లకు ఊళ్లు చందాలేసుకుని ఎనభై, తొంభై అడుగుల ప్రభలు కడతాయి. పక్క ఊరి ప్రభ కంటే మనది ఎత్తుండాలని పంతం. తెల్లారితే విప్పెయ్యడమే. దానివల్ల లాభమేంటని ఎవరైనా అడిగారా? కురచగా కట్టుకోండి, లెక్క ప్రకారం అదే మంచిదని ఏ టీచరైనా చెప్పిందా?"

దెబ్బ తగిలింది. చిన్నప్పుడు తన ఊరి ప్రభ వెనక కొండదాకా నడిచిన మనిషి ఆవిడ. కానీ ముప్పై ఏళ్లు పిల్లల ప్రశ్నలు కాచుకున్న బుర్ర అంత తేలిగ్గా తగ్గదు.

"ప్రభ తనంతట తను నడవదురా. అడుగున బండి ఉంటుంది. చుట్టూ మోకులు పట్టుకుని జనం ఉంటారు, అటు ఒరిగితే ఇటు లాగడానికి. కట్టడం తరతరాలుగా తెలిసిన పని, ఎక్కడ విరుగుతుందో పెద్దవాళ్లకు తెలుసు. నీ రోబోకి మోకు పట్టుకునేది ఎవరు?"

"నువ్వే అన్నావు, చెప్పు ఏం వదులుకుంటావని. నడక వదులుకుంటాను. అడుగున బండి పెడతాను."

ఆవిడ ఊహించని జవాబిది. తాను గీసిన గీతలకేసి ఒకసారి చూసుకుంది. చక్రాలున్న బండి మీద నడుము, రెండు చేతులు, తల. పాదాల గొడవ లేదు, ఒంటికాలి గొడవ లేదు. సిలిండర్లు సగం మిగులుతాయి. లివర్‌ని బట్టి మెల్లగా తెరుచుకునే ప్రొపోర్షనల్ వాల్వులు ఖరీదే కానీ, చేతులకి మాత్రమే అయితే రెండు మూడు దశల్లో కొనుక్కోవచ్చు. ఆన్, ఆఫ్ మాత్రమే తెలిసిన చవక వాల్వులు పెడితే చెయ్యి కుదుపుతో లేచి బండినే ఊపేస్తుందని అతనే చెప్పాడు. వేళ్ల అచ్చుల కోసం హైదరాబాద్‌లో 2023లో తెరిచిన టీ-వర్క్స్‌కి వెళ్లి అడుగుతానన్నాడు. అక్కడ త్రీడీ ప్రింటర్ల నుంచి లోహం కోసే యంత్రాలదాకా సొంత నమూనాలు చేసుకునేవాళ్లకి దొరుకుతాయి.

"వేళ్లయితే ఇన్‌మూవ్ డ్రాయింగులు ఊరికే దొరుకుతున్నాయి కదరా," అందావిడ. మేనల్లుడు నోరు తెరిచాడు. ఫ్రెంచి శిల్పి గేల్ లాంజెవాన్ 2012 నుంచి ప్రపంచానికి పంచిపెడుతున్న మనిషంత రోబో అది. చిన్న త్రీడీ ప్రింటర్ మీద కూడా ముక్కలుగా అచ్చువేసి అతికించుకోవచ్చు. ఆవిడ వాదనకి వచ్చేముందు చదువుకునే వచ్చిందన్నమాట. అసలు ఆరడుగుల రోబోకి ఆవిడ మనసులో ఉన్న నమూనా అదే.

"షట్టర్ ఎత్తెంత?"

"పది."

"జపాన్‌లో అదే ల్యాండ్ వాకర్ కంపెనీ ఇంజనీరు మసాఆకి నగుమో 2018కల్లా ఎనిమిదిన్నర మీటర్లది, ఏడు టన్నులది చేశాడు. ఫ్యాక్టరీలోంచి బయటికి తియ్యాలంటే విప్పదియ్యాల్సిందేనట. నీదీ అంతేనా?"

"నడుము దగ్గర మడుస్తాను. అక్కడో సిలిండరుంటుందిగా."

"వంగినప్పుడు గరిమనాభి బండి ముందు చక్రాలు దాటిపోకుండా చూసుకో. వెనక బరువు పెట్టాలి. పొక్లెయిన్‌కి పెట్టినట్టు."

ఇప్పుడు ఆవిడ ఎవరి పక్షమో చెప్పడం కష్టమైంది. ఒక్క విషయంలో మాత్రం పట్టు వదల్లేదు, లోపల కుర్చీ. రిమోట్‌తో ఇరవై అడుగుల దూరం నుంచి నడుపుకోమంటుంది. లోపల కూర్చోకపోతే ఈ కష్టమంతా ఎందుకంటాడు అతను. 2017లో వెల్లకిలా పడ్డ రోబోలో కూడా మనిషున్నాడు, చుట్టూ గట్టి ఇనుప పంజరం ఉండబట్టి చెక్కుచెదరకుండా బయటికొచ్చాడన్నాడు. ఆ పంజరం వెల్డింగ్ ఎవరు చేశారని ఆవిడ అడిగింది. నాకంటే బాగా చేసుంటారా అని అతనడిగాడు.

చివరికి కుర్చీ ఉంటుంది, మనిషి ఉండడు అనేదాకా వచ్చింది బేరం. మొదట ఆ కుర్చీలో డెబ్భై కిలోల ఇసుక బస్తా కూర్చుంటుంది. రిమోట్ తీగ చివర చేతికందేలా ఎర్ర బటన్, ఎమర్జెన్సీ స్టాపు, ఆవిడ చేతిలో.

"నీ చేతిలో ఎందుకత్తా?"

"నీ చేతిలో ఉంటే నొక్కవు కనక."

ఇసుక బస్తా ఎన్నాళ్లని అతను అడిగాడు. వారమన్నాడు తనే. ఆవిడ సంక్రాంతి అంది. దసరా అన్నాడు. సంక్రాంతేనంటూ ఆవిడ సుద్దముక్క తీసుకుని బండి కొలతలు వేయడం మొదలుపెట్టింది, వెనక బరువు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి.